ముందు మంచు, తర్వాతే లీగ్

జాతీయ ఐస్ హాకీలో గట్టి జట్టైన ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం)కి ప్రధాన కార్యాలయం ఢిల్లీలోనే ఉంది. ఆడే మంచు మాత్రం ఎక్కువగా లద్దాఖ్‌లో, అదీ ఎక్కువగా చలికాలంలోనే. రాజధాని ప్రాంతానికి దక్కింది గురుగ్రామ్ మాల్‌లోని చిన్న రింక్. అంతర్జాతీయ ఆటకు రింక్ 60 మీటర్ల పొడవుండాలి. మాల్ రింక్‌లో పిల్లలు స్కేటింగ్ నేర్చుకోగలరు, లీగ్ మ్యాచ్‌లు ఆడలేరు. మన దేశ అమ్మాయిల ఐస్ హాకీ జట్టు 2016లో తొలి విదేశీ టోర్నీకి చందాలు పోగుచేసుకుని తైపీ వెళ్లింది. 2025 ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. ఎంత పట్టుదల! అలాంటి వాళ్లకు రాజధానిలో ఏడాది పొడవునా మంచు ఇవ్వలేకపోవడం నాకు బాధగా ఉంది. లీగ్ పెట్టాలంటే క్లబ్బుల పేర్లు, జెర్సీల రంగులు తర్వాత చూసుకోవచ్చు. క్రీడాశాఖ ముందుగా ఢిల్లీలో పూర్తి కొలతల రింక్ ఒకటి కట్టించాలి, లద్దాఖ్ పిల్లలకు అక్కడ ఉచితంగా సాధన చేసే వీలు కల్పించాలి.