హీరోది ఏ కులం మేడం?

ఈ వేసవి సెలవుల్లో వరసపెట్టి ప్రేమ సినిమాలు చూశాను. కొన్ని రెండోసారి. సరదాకి కాదు. సెలవులకి ముందు క్లాసులో 'కలర్ ఫోటో' మాటొచ్చినప్పుడు వెనక బెంచీ అబ్బాయి అడిగాడు: "ఇంతకీ హీరోది ఏ కులం మేడం?" క్లాసంతా నవ్వింది. అతను నవ్వలేదు. నా దగ్గర జవాబు లేదు. సినిమాలో ఉంటే కదా!

ముందు దాని సంగతే. మచిలీపట్నం, పేదింటి జయకృష్ణ, ఎస్సై చెల్లెలు దీప్తి. అడ్డమేమిటి? హీరో నలుపు. నేనూ ఏడ్చాను, ఒప్పుకుంటాను. సుహాస్ అలా చేశాడు మరి. కానీ కళ్ళు తుడుచుకున్నాక ఆలోచించండి. మన ఊళ్ళల్లో నల్లగా ఉన్న రెడ్డిగారబ్బాయికీ కమ్మవారబ్బాయికీ పెళ్ళి ఆగిందా? కట్నం తగ్గిందా? రంగు నిజంగా కాల్చుకుతినేది ఆడపిల్లల్ని. ఆ ఒంటి రంగు వెనక ఏముందో దర్శకుడికీ తెలుసు, చూసేవాళ్ళకీ తెలుసు. అందరం కలిసి తెలియనట్టు కూర్చున్నాం. జాతీయ అవార్డు కూడా ఇచ్చాం.

'సెన్సార్ ఒప్పుకోదు మేడం' అంటారు. కొంత నిజమే. 'పరియేరుమ్ పెరుమాళ్'ని హిందీలో 'ధడక్ 2'గా తీస్తే పదహారు చోట్ల కత్తెర పడింది. కానీ 'కలర్ ఫోటో' 2020లో నేరుగా ఓటీటీలో వచ్చిన సినిమా. అక్కడ సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. మరి ఎవరు ఆపారు?

'కులం పేరెత్తితే గొడవలవుతాయి' అన్నది ఇంకో మాట. అబ్బో! సమరసింహారెడ్డి, నరసింహ నాయుడు, చెన్నకేశవ రెడ్డి, అర్జున్ రెడ్డి. ఇవన్నీ పూల పేర్లా? తెలుగు సినిమాకి కులం చెప్పడానికి సిగ్గు ఎప్పుడూ లేదు. పోస్టర్ మీద, టైటిల్‌లో, మీసం మెలేసి మరీ చెబుతుంది. మాల, మాదిగ అనాల్సి వచ్చినప్పుడే గొంతు పట్టేస్తుంది. 1938లో గూడవల్లి రామబ్రహ్మం సినిమాకి 'మాలపిల్ల' అని పేరు పెట్టాడు. దాని హరిజనోద్ధరణ చూపుతో నాకు బోలెడు పేచీ ఉంది, అది ఇంకో వారం రాస్తాను. అయినా పేరు పెట్టాడు.

'ఉప్పెన' (2021) ఇంకా విచిత్రం. సముద్రపు ఒడ్డు క్రైస్తవ కుర్రాడు, పేరు ఆశీర్వాదం. పెద్దింటి బేబమ్మని ప్రేమించినందుకు ఆమె తండ్రి రాయనం అతని మగతనమే కోయించేస్తాడు. కులం పేరిట జరిగే నేరాల్లో ఇంతకంటే ఘోరం తెర మీద చూపలేరు. సినిమా దాన్నేం చేసింది? క్లైమాక్సులో 'మగతనమంటే ఏమిటి' అన్న చర్చగా మార్చింది. చర్చ మంచిదే. కానీ ఆ అబ్బాయిని కోసింది మగాడైనందుకు కాదు కదా!

శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ' కొంత దూరం నడిచింది. ఆర్మూరు దళిత క్రైస్తవ కుటుంబం, అవమానాలు, పిల్లాడిని మింగుతున్న భయం, అన్నీ చూపించింది. సాయి పల్లవి పాత్రకి చిన్నప్పుడు సొంత బాబాయే చేసిన లైంగిక హింసనీ చెప్పింది. ఆడదానిగా ఆ మాట తెర మీదకి వచ్చినందుకు సంతోషించాను. నా పేచీ కథ అల్లికతో. కులం కోసం కత్తి పట్టేవాడూ పసిపిల్లని పాడుచేసినవాడూ ఒక్కడే అయ్యేసరికి, హాల్లో కూర్చున్న మర్యాదస్తుడికి ఎంత హాయి! 'నేను అలాంటివాణ్ణి కాదు' అనుకుని లేచి ఇంటికెళ్ళి కూతురి ఫోన్ చెక్ చేస్తాడు. కులాన్ని నడిపేది వికృత మనుషులు కాదండీ. పండక్కి మనకి స్వీట్లు పంపే మంచివాళ్ళు.

ఇక 'కోర్ట్'. విశాఖలో వాచ్‌మన్ కొడుకు, కలిగినింటి అమ్మాయి, పోక్సో కేసు. బాగా తీశారు. శివాజీ మంగపతిగా భయపెట్టాడు. కానీ మళ్ళీ పరువు, మళ్ళీ అంతస్తు. అది 2025 మార్చి 14న విడుదలైంది. దానికి నాలుగు రోజుల ముందు, మార్చి 10న, నల్లగొండ కోర్టు ప్రణయ్ హత్య కేసులో తీర్పిచ్చింది. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న, ఆసుపత్రి బయట, గర్భంతో ఉన్న భార్య పక్కనే నరికారు. ప్రణయ్‌కి చదువుంది. ఇల్లూ వాకిలీ ఉన్న కుటుంబం. రంగు అడ్డం అని ఎవరూ అనలేదు. లేనిది వాళ్ళకి కావలసిన కులం ఒక్కటే.

మన పిల్లల చావులు కథకి పనికొస్తాయి. పేరు మాత్రం పనికిరాదు. 'ఎవరిదైనా కావచ్చు, ప్రేమకి కులం లేదు' అంటారు కొందరు స్నేహితులు. ప్రేమకి లేదు, నిజమే. కత్తికి ఉంది.

కరుణ కుమార్ 'పలాస 1978' మళ్ళీ చూశాను. లోపాలున్నాయి. రెండో సగమంతా కత్తుల మోత. కానీ ఆ అన్నదమ్ములు ఎవరో, వాళ్ళ కళనీ కండనీ ఎవరు వాడుకున్నారో దాచలేదు. 2020 మార్చి 6న వచ్చింది. మూడు వారాలైనా ఆడకముందే కరోనాతో హాళ్ళు మూతబడ్డాయి. చాలామంది చూడనే లేదు.

కాలేజీ తెరిచాక మొదటి శుక్రవారం క్లాసులో అదే వేస్తున్నా. ప్రొజెక్టర్ బల్బు పోయింది, టీవీ మీదే చూడాలి. వెనక బెంచీ అబ్బాయికి మెసేజ్ పెట్టాను, ముందు కూర్చోమని.