నీడకు తాళమేస్తారా?

ఒంటిగంట దాటింది. మే నెల ఎండ. హనుమకొండలో ఒక పార్కు గేటు ముందు ఫుట్‌పాత్ మీద ఒక ముసలమ్మ కూర్చుంది. పక్కన నిండు చూలాలైన కూతురు. ఆసుపత్రిలో రిపోర్టులు మూడింటికి ఇస్తామన్నారట. అప్పటిదాకా ఎక్కడుండాలి? గ్రిల్లుకు అవతల, చేయి చాస్తే అందేంత దూరంలో, కానుగ చెట్టు కింద సిమెంటు బెంచీ ఖాళీగా ఉంది. గేటుకు గొలుసు, గొలుసుకు తాళం.

"జరసేపు కూసొని పోతం బిడ్డా" అని ఆమె బతిమిలాడుతోంది.

"పదింటికే బంద్ అమ్మా. మళ్ల నాలుగింటికి తీస్తం. నా చేతుల ఏం లేదు" అంటున్నాడు వాచ్‌మన్.

అతన్ని తప్పుపట్టను. తాళంచెవి ఇచ్చినవాళ్లే టైమూ రాసిచ్చారు. ఆ తల్లి కొంగు తీసి కూతురి నెత్తి మీద కప్పింది. కొంగు నీడలో కూతురు. చెట్టు నీడలో ఎవరూ లేరు.

పొద్దున ఐదు నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. ఈ వేళలు ఎవరిని తలచుకొని పెట్టారు? పొద్దున బూట్లు తొడుక్కొని నాలుగు రౌండ్లు కొట్టి, ఇంటికెళ్లి టిఫిన్ చేసి, ఫ్యాన్ కింద కూర్చోగలిగినవాళ్లను. నేనూ పొద్దున నడిచేవాణ్ణే, నాకు ఈ వేళలు బాగానే సరిపోతాయి. అందుకే చెప్తున్నాను, ఇవి నా లాంటివాళ్ల కోసం నా లాంటివాళ్లే రాసుకున్న వేళలు. అడ్డా మీద పదింటిదాకా నిలబడి, ఆ రోజు పని దొరకని కూలీ ఎక్కడికి పోవాలి? రేకుల ఇంట్లో, కాలే పెనం లాంటి కప్పు కింద, మధ్యాహ్నమంతా ఉడికిపోయే ముసలివాళ్లు? పోటీ పరీక్షలకు చదువుతూ నలుగురు ఒకే గదిలో సర్దుకునే పిల్లలు? వేసవి సెలవుల్లో బడి గేటు మూసుకున్న ఆరేళ్ల పసివాడు? నీడ అవసరమైనవాళ్లందరికీ, నీడ అవసరమైన ఆ ఆరు గంటలూ గేటు మూసే ఉంటుంది. జనం సొమ్ముతో చెట్లు పెంచి, ఎండ ముదిరేసరికి జనాన్ని బయటికి తోలి తాళమేయడం అన్యాయం. దీన్ని నిర్వహణ అని పిలవడానికి నాకు నోరు రాదు.

మధ్యాహ్నం తెరిచి ఉంచితే తాగుబోతులు చేరతారట. జంటలు వచ్చి కూర్చుంటాయట. ఏళ్ల తరబడి ఇదే జవాబు. తాగేవాడు వస్తే వాణ్ణి పంపించండి, దానికి కాపలా మనిషి ఉన్నాడు. వాడి పేరు చెప్పి చూలాలికి తాళమేస్తారా? ఇక జంటలంటారా, కూర్చోనివ్వండి! ఇద్దరు మనుషులు పట్టపగలు పదిమంది కళ్ల ముందు బెంచీ మీద కూర్చొని మాట్లాడుకుంటే ఈ ఊరికి వచ్చిన నష్టమేమిటి? జనం లేని చోటే భయం. పార్కు నిండా ముసలివాళ్లూ పిల్లలూ ఉంటే, బఠాణీలమ్మే అవ్వ గేటు దగ్గర గంప దించుకొని కూర్చుంటే, ఏ ఆడపిల్లకూ అక్కడ భయం ఉండదు. కావలసిందల్లా శుభ్రమైన మరుగుదొడ్డి, తాగే నీళ్లు, ఇంకో మనిషి జీతం. ఈ మూడూ ఇవ్వలేక తాళమొక్కటి ఇచ్చారు.

నలుగురి చోటు అంటే ఏమిటో ఈ ఊరికి కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. కాకతీయులు చెరువులు తవ్వించిన నేల ఇది. చెరువు కట్టకు తలుపు ఉండేది కాదు. గొడ్లను కడిగినా, బట్టలుతికినా, తగువు తీర్చుకున్నా అక్కడే. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మలు పెట్టి ఆడే ఆడవాళ్లు ఏ తరంలోనూ టికెట్ కొని ఆడలేదు. నలుగురూ కలిసే చోటుకు తాళం ఉంటుందనే ఊహే ఈ నేలకు పరాయిది.

అసలు ఆ చోట్లు ఎన్ని మిగిలాయి? పట్టణ ప్రణాళిక కోసం కేంద్రం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు తలా 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలన్నాయి. హనుమకొండ కూడా కలిసిన గ్రేటర్ వరంగల్‌లో 2011 జనాభా లెక్కల ప్రకారమే ఎనిమిది లక్షల పైచిలుకు మంది ఉన్నాం. తలా పది చదరపు మీటర్లే వేసుకున్నా దాదాపు 2,000 ఎకరాలు కావాలి. రెండువేల ఎకరాలు! మన కార్పొరేషన్‌లో 66 డివిజన్లున్నాయి. ఒక్కో డివిజన్‌లో పార్కు కింద ఎంత, ఆటస్థలం కింద ఎంత, అందులో కబ్జా ఎంత అని డివిజన్ ఆఫీసు గోడ మీద పెయింటుతో రాయించే ధైర్యం ఎవరికైనా ఉందా? ఉంటే రేపే రాయించండి. నేనే వచ్చి ఫొటో తీసి పదిమందికీ చూపిస్తాను.

ఆ చోట్లు ఎలా పోయాయో ప్లాటు కొన్న ప్రతివాడికీ తెలుసు. లేఅవుట్ వేసేటప్పుడు పది శాతం నేల పార్కుకూ ఆటకూ వదలాలి, దాన్ని గిఫ్ట్ డీడ్ రాసి మున్సిపాలిటీకి అప్పగించాలి. వదలకుండా వేలాది ప్లాట్లు అమ్మేశారు. అమ్మినవాణ్ణి పట్టుకోవలసిన ప్రభుత్వం లేఅవుట్ల క్రమబద్ధీకరణ (ఎల్ఆర్ఎస్) అనే దారి తీసింది. ఖాళీ స్థలం వదలని చోట, ప్లాటు విలువలో 14 శాతం కడితే సరిపోతుందని 2020 నాటి పథకం చెప్పింది. కట్టింది ఎవరు? అమ్ముకొని వెళ్లినవాడు కాదు, ముప్పై ఏళ్ల జీతం పోగేసి ప్లాటు కొన్న గుమస్తా. ఆ 14 శాతంతో ఆ కాలనీలో ఒక్క గజం ఆటస్థలమైనా కొన్నారా? కొంటే చూపించండి. నోట్ల మీద పిల్లలు ఆడుకోలేరు, నోట్ల కట్ట కింద ముసలివాడికి నీడ దొరకదు.

మట్టి నేల చేసే మరో మేలు ఈ ఊరికి నీళ్లలో మునిగాక తెలిసింది. 2020 ఆగస్టులో మునిగాం, 2023 జూలైలో మళ్లీ మునిగాం. నాలాలు ఇరుకైతే, నీళ్లు ఇంకే నేలంతా సిమెంటైతే, వాన ఇళ్లలోకి కాక ఎక్కడికి పోతుంది? అయినా పార్కు బాగుచేయమంటే ముందు దింపేది టైల్స్ లారీనే.

పార్కు స్థలం జోలికి పోవద్దని కోర్టులు ఏనాడో చెప్పాయి. బెంగళూరులో పార్కుకు ఉంచిన స్థలాన్ని ముఖ్యమంత్రి మాట మీద ఒక ప్రైవేటు ఆసుపత్రికి కట్టబెడితే చుట్టుపక్కల జనం కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ జనం పక్షానే నిలబడింది. పార్కు పాలకులు పంచిపెట్టే ఆస్తి కాదని తేల్చింది. లక్నోలో ఝండేవాలా పార్కు కింద భూగర్భంలో దుకాణాల సముదాయం కడుతుంటే, 1999లో అదే కోర్టు దాన్ని కూలగొట్టి పార్కును మళ్లీ పార్కుగా చేయమంది. కట్టిన కట్టడాన్ని కూడా కూల్చమంది! ఈ రెండు తీర్పులూ మన టౌన్ ప్లానింగ్ అధికారులకు తెలియనివి కావు. అడిగేవాడు లేడనే ధీమా, అంతే.

ఇక హాళ్లు. కవి కాళోజీ పేరు మీద కళాక్షేత్రానికి 2014లో, ఆయన శతజయంతి ఏడాదిలో శంకుస్థాపన జరిగింది. 2024 నవంబరులో తెరిచారు. మధ్యలో పదేళ్లు. ఆ పదేళ్లలో ఈ ఊళ్లో ఎంతమంది పిల్లలు నాటకం అనే మాట వినకుండానే పెద్దవాళ్లయిపోయారో ఎవరు లెక్క చెప్తారు? ఇప్పుడైనా ఆ తలుపులు ఎవరికి తెరుస్తారన్నదే నా ప్రశ్న. నాలుగేళ్ల కిందట మా వీధి పిల్లలతో ఒక నాటకం వేయించాలని వేరే ఒక హాలుకు వెళ్లాను. దాని పేరు రాయను. అద్దె ఒకటి, డిపాజిట్ ఒకటి, కరెంటు వేరు, జనరేటర్ డీజిల్ వేరు, ఊడ్చినందుకు వేరు. కాగితం మీద ఆ వరుస చూసి, వెంట వచ్చిన పదేళ్ల పిల్ల "సార్, మనం బడి వరండాల్నే ఏద్దాం" అంది. వరండాలోనే వేశాం. ఆ పిల్లకు స్టేజీ మీద లైటు ఎలా పడుతుందో ఇప్పటికీ తెలియదు. అన్యాయాన్ని ఎదిరించినవాడే తనకు ఆరాధ్యుడన్న మనిషి కాళోజీ. ఆయన పేరున్న చోట వారానికి ఒక్క సాయంత్రమైనా సర్కారు బడి పిల్లలకు పైసా అడగకుండా ఇవ్వాలి. ఇవ్వలేమంటే ఆ మాట బయటికి చెప్పండి.

మైదానాల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పార్టీల సభ అయిపోయాక గుంజల గుంతలు అట్లాగే ఉంటాయి, మర్నాడు పొద్దున పరుగెత్తే కానిస్టేబుల్ అభ్యర్థి కాలు అందులోనే మడత పడుతుంది. సభ పెట్టినవాడే గుంతలు పూడ్చాలి, పూడ్చేదాకా డిపాజిట్ తిరిగి ఇవ్వొద్దు.

ఓపెన్ జిమ్‌లూ, రంగు రంగుల బొమ్మలూ, ఊరి పేరు రాసిన లైట్ల అక్షరాలూ నాకేమీ వద్దు. వాటికి రిబ్బన్ కత్తిరించేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ మే నెల మధ్యాహ్నం ఆ చూలాలు రెండు గంటలు సిమెంటు మీద కూర్చుంది. మూడింటికి లేచేటప్పుడు తల్లి భుజం పట్టుకొని లేచింది. గేటు తీయడానికి ఇంకా గంట టైముంది.

వచ్చే సోమవారం, అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోతున్నాను. అర్జీలో రాసింది ఒకటే వాక్యం: పార్కు గేట్లు పొద్దున ఐదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా, మధ్యలో మూయకుండా, తెరిచి ఉంచాలి. కింద సంతకాలకు చోటు వదిలాను. మొదటి సంతకం ఆ వాచ్‌మన్ పెట్టాడు.