అద్దె లేని ఇల్లు

మన సంఘం తరఫున రక్తదాతల వెబ్ అప్లికేషన్ తయారుచేసినప్పుడు, దాన్ని ఏ హోస్టింగ్ సంస్థ దగ్గర ఉంచాలన్న ప్రశ్న వచ్చింది. "ఫ్రీగా ఇచ్చేవాడుండగా డబ్బులెందుకు దండగ?" అన్నవాణ్ణి నేనే.

ఖాతా ఒక సీనియర్ ఈమెయిలు మీద తెరిచాం. ఆయన పాసై వెళ్ళిపోయారు. ఉచిత పథకం ఎత్తేస్తున్నామన్న నోటీసు ఆయనకే వెళ్ళింది. మాకు తెలిసేసరికి జాబితా అంతా పోయింది. ఆ రాత్రి ఆసుపత్రి నుంచి ఫోను చేసిన ఒక తండ్రికి జవాబు చెప్పలేక నీళ్ళు నమిలాను.

డబ్బు కడితే భయం లేదనుకోవడమూ పొరపాటే. 2021 మార్చిలో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటరు తగలబడినప్పుడు, వేరేచోట నకలు దాచుకోని ఖాతాదారులు చాలామంది సమాచారం పోగొట్టుకున్నారు.

కాబట్టి నా అభిప్రాయం ఒక్కటే. నెలకు ఎంత అని అడిగేముందు, "రేపు ఖాళీ చెయ్యాల్సొస్తే మూటాముల్లె సర్దుకుని పోగలమా?" అని అడగాలి. ఖాతా సంఘం పేరున ఉండాలి. డేటాబేసు నకలు వారం వారం మన చేతికి రావాలి. దాన్ని ఇంకోచోట ఎక్కించి, నడుస్తుందో లేదో ఏడాదికొకసారైనా చూడాలి. ఇవి కుదరని చోట, అద్దె లేకపోయినా కాపురం వద్దు. రాబోయే కార్యవర్గం ఈ సంగతి మరచిపోరాదని మనవి.