రాయి ఒకరిది, చేయి ఒకరిది

అద్దెకిచ్చే ఇంటికి మరమ్మతులు తలపెట్టిన గృహస్థుకు గోడల రంగుల దగ్గర రాని చిక్కు వంటింటి గట్టు దగ్గర వస్తుంది. ఏ రాయి వేయించాలి? ఎన్నిక చేసేది ఇంటాయన. దానిమీద రోజూ చింతపండు పిసికేది మరొకరి ఇల్లాలు. ఇల్లు ఖాళీ చేసేనాడు ఆ రాతిమీది మచ్చే తగవై కూర్చుంటుంది. అడ్వాన్సులో కోత పడుతుంది. అద్దెకున్నవారిని అనేముందు, మచ్చపడే రాయిని ఏరి తెచ్చిందెవరో కాస్త ఆలోచించవద్దా?

మన వంట సంగతి తెలియనిదేమున్నది? పులుపు, పసుపు, నూనె లేని పూట ఉండదు. పాలరాయి చూడముచ్చటే గాని, అది సున్నపు జాతి. పులుపు తగిలితే పైపొర కరిగి, నునుపు పోయి, మచ్చ నిలుస్తుంది. అది తుడిస్తే పోయే మురికి కాదు, రాతికి తగిలిన గాయం. కడప నల్లబండ, తాండూరు బండ చవక, గట్టివి కూడా. కాని అవీ సున్నపురాళ్లే. అలమరలోని అరలకు దివ్యంగా ఉంటాయి. పులుసు ఒలికే చోటికి మాత్రం తగవు.

గ్రానైటు తీరు వేరు. చింతపులుసుకూ నిమ్మరసానికీ అది లొంగదు, వేడిగిన్నెకు జంకదు. మన చీమకుర్తి నల్లరాయి బజారులో గ్రానైటుగానే చెలామణి అవుతుంది. లేతరంగు గ్రానైటైతే నూనె పీల్చుకొని మరక చూపుతుంది కనుక, అద్దె ఇంటికి నలుపే మేలు.

ఇక క్వార్ట్‌జ్ పలకలు. రాతిపొడిని రెసిన్ అనే జిగురుతో కలిపి చేసినవి. పులుపుకు ఓర్చుకుంటాయి, కాగిన మూకుడు నేరుగా దించితే ఆ జిగురు మాడుతుంది. వీటిని కోసేటప్పుడు లేచే ధూళి పనివారి ఊపిరితిత్తులను పాడుచేస్తున్నదని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి వీటిని నిషేధించింది. గ్రానైటునైనా నీళ్లు పోస్తూ కోయించడమే ధర్మం. మన గట్టుకోసం మరొకరి గుండెలు దుమ్ము పట్టరాదు గదా!

పరీక్ష సులభం. దుకాణంలో ముక్క అడిగి తెచ్చి, రెండు నిమ్మచుక్కలు వేసి, పావుగంట ఆగి తుడవండి. మెరుపు తగ్గితే ఆ రాయి మన వంటింటికి రాదు.

ఒక్క మాట. రాయి ఎంత మంచిదైనా, ఇల్లు అప్పగించేనాడే ఇరువురూ గట్టు చూసుకొని, అప్పటికున్న మచ్చలూ పగుళ్లూ కాగితంమీద వ్రాసుకోవడం మర్యాదకు లోటు కాదు. మర్యాద నిలిపేదే అది.

తెలుగులో గట్టంటే ఒడ్డు కూడా. ఆపద దాటినవాణ్ణి గట్టెక్కాడంటాం. ఇంటాయన రాతిని తన ఇంటికే కొంటున్నట్టు ఎంచితే, అద్దె ఇచ్చేవారూ పుచ్చుకొనేవారూ ఇద్దరూ గట్టెక్కుతారు.