డబ్బు ఎవరిది? – 5: మన పేదరికానికి 45 మార్కులు



మొన్న నంద్యాలలో విద్యార్థుల మీటింగులో ఒక తమ్ముడు లేచి అడిగాడు: “అన్నా, మన దక్షిణాదోళ్ళు కట్టే పన్నంతా బీహారోళ్ళు, యూపీవోళ్ళు తింటాండారు గదా, దాని మీద మాట్లాడవేం?” మాట్లాడతాను తమ్ముడూ. ముందు ఆ “మన”లో ఎవరెవరు ఉన్నారో తేల్చుకుందాం.

కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకు ఎంత ఇవ్వాలో రాజ్యాంగం 280వ అధికరణం కింద ఏర్పడే ఆర్థిక సంఘం చెబుతుంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం 41 శాతం అంది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం. అంటే పంచాల్సిన ప్రతి వంద రూపాయల్లో మన రాష్ట్రానికి వచ్చేది రూపాయి అరవై ఆరు పైసలు. అంతకు ముందు 14వ సంఘం 42 శాతంలో 4.305 ఇచ్చింది. తగ్గింది, నిజమే.

అసలు మోసం ఆ “పంచాల్సిన” అన్న మాటలోనే ఉంది. సెస్సులు, సర్‌చార్జీలు ఆ మూటలోకి రావు. 2022 మే తర్వాత, 2025 ఏప్రిల్ దాకా లీటరు పెట్రోలు మీద కేంద్రం వేసిన ఎక్సైజు 19 రూపాయల 90 పైసలు. రాష్ట్రాలతో పంచుకునేది అందులో 1 రూపాయి 40 పైసలే. మిగతాదంతా సెస్సు, ప్రత్యేక సుంకం. ఆ రూపాయి నలభైలో ఆంధ్రప్రదేశ్‌కు దక్కేది రెండు పైసల చిల్లర. కేంద్రం వసూళ్ళలో ఈ పంచని డబ్బు పదేళ్ళలో దాదాపు రెట్టింపై 2020-21 నాటికి ఐదో వంతుకు చేరింది. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నప్పుడు ఈ ముక్క వరకు దాని పక్షమే నేను.

కానీ “మా రూపాయి బీహార్‌కు” అన్న దగ్గర నేను పక్కకు జరుగుతాను. కంపెనీ పన్ను కట్టేది హెడ్డాఫీసు ఉన్న చోట. గనిలో పని ఒక చోట, చలానా ఇంకో చోట. ఆ చలానాలు చూసి ఏ రాష్ట్రం ఎంత “సంపాదించింది” అని లెక్కగట్టడం, మేస్త్రీ సంతకం చూసి గోడంతా అతనే కట్టాడు అనడం లాంటిది. పైగా బీహార్ ముసహర్ పిల్లకు స్కూలు పెట్టారని నాకేం ఏడుపు? ఆ పిల్లకు కూడా డబ్బు చేరలేదు, అదీ నా ఏడుపు.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి. 15వ సంఘం వాటాలు తేల్చడానికి ఆరు కొలతలు పెట్టింది. జనాభాకు 15, విస్తీర్ణానికి 15, అడవులకు 10, జనాభా అదుపుకు 12.5, పన్ను వసూలు కృషికి 2.5. మిగిలిన 45 ఆదాయ దూరానికి. అంటే తలసరి ఆదాయంలో హర్యానా కంటే నువ్వు ఎంత వెనకబడ్డావో అంత వాటా. కులం ఒక్క కొలతలోనూ లేదు. అడవికి పది మార్కులు ఇచ్చారు, బాగుంది. గేరికి సున్నా.

అయినా గేరి ఆ లెక్కలో ఉంది. కొలిమిగుండ్ల మండలంలో నాపరాళ్ళ గనిలో బండలు మోసే మా చిన్నాయన కూలి తక్కువ కాబట్టే రాష్ట్రం తలసరి ఆదాయం ఆ మేరకు తగ్గుతుంది, ఆ మేరకు వాటా పెరుగుతుంది. మన పేదరికం రాష్ట్రానికి మార్కులు తెచ్చిపెడుతోంది. ఇంకో వైపు చూడండి. 2022 సెప్టెంబర్‌లో కల్వటాల సిమెంటు ఫ్యాక్టరీని అప్పటి ముఖ్యమంత్రి వచ్చి ప్రారంభించారు. అక్కడ కాల్చే క్లింకర్ విలువ రాష్ట్ర ఉత్పత్తిలో కలుస్తుంది, తలసరి ఆదాయం పెరుగుతుంది. కాగితం మీద మా చిన్నాయన కూడా ధనవంతుడవుతాడు. రేపటి లెక్కలో ఆ మేరకు వాటా కోత పడుతుంది. ఆయన కూలి మాత్రం ఉన్నచోటే.

సరే, ఆ మార్కులతో వచ్చిన డబ్బు అమరావతి దాకా వచ్చింది. అక్కడి నుంచి? సెస్సు పేరుతో ఢిల్లీ చేసేదే రాష్ట్రం మనకు ఇంకో పేరుతో చేస్తుంది. 2021లో పంచాయతీలకొచ్చిన ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద డిస్కంలకు మళ్ళిస్తే సర్పంచులు రోడ్డెక్కారు. 2013 సబ్ ప్లాన్ చట్టం, ఎస్సీలకు నేరుగా, లెక్క తేల్చగలిగే మేలు చేసే పథకాల మీదే ఖర్చు పెట్టాలంది. అందరికీ ఇచ్చే పింఛను, అమ్మఒడిలో ఎస్సీల పేర్లు ఏరి, అదే సబ్ ప్లాన్ ఖర్చు అని చూపించారు. నీ అన్నమే నీకు వడ్డించి విందు పద్దులో రాసుకోవడం ఇది.

స్కాలర్‌షిప్ సంగతి చదువుకునేవాళ్ళు జాగ్రత్తగా వినండి. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో ఉన్న కాలంలో, 1944లో మొదలైంది ఎస్సీల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. పాత ఖర్చంతా రాష్ట్రాల “కట్టుబడి బాధ్యత” అని నెట్టేసి, 2017 నుంచి 2020 దాకా దేశం మొత్తానికి కేంద్రం ఇచ్చింది ఏడాదికి 1,100 కోట్ల దరిదాపు. గొడవ ముదిరాక 2020 డిసెంబర్‌లో కేంద్ర కేబినెట్ 60:40 ఒప్పుకుంది. ఐదేళ్ళకు 59,048 కోట్లు, అందులో కేంద్రానిది 35,534 కోట్లు. మంచిదే. కానీ మెలిక ఏమంటే రాష్ట్రం తన 40 వేశాకే కేంద్రం 60 విద్యార్థి ఖాతాలో పడుతుంది. రాష్ట్రం ఆలస్యం చేస్తే రెండూ ఆగుతాయి. ఢిల్లీ అమరావతిని చూపిస్తుంది, అమరావతి ఢిల్లీని చూపిస్తుంది. మా చెల్లెలి కొడుకు బీటెక్ పాసై ఏడు నెలలు సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉన్నాయి, ఫీజు బకాయి కట్టలేదని. వాడు కట్టాల్సిన బకాయి కాదది. ఆ ఏడు నెలలూ నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో దుమ్ము పీల్చాడు.

1925లో అచ్చయిన అంబేద్కర్ పుస్తకం ఈ సంగతి మీదే: బ్రిటిష్ ఇండియాలో కేంద్రానికీ రాష్ట్రాలకీ డబ్బు పంపకం. 1871లో ఇంత అని కేటాయించడం, 1877లో కొన్ని పన్నులు అప్పగించడం, 1882 నుంచి పంచుకోవడం, ఒక్కొక్క మెట్టూ విప్పి చూపించాడాయన. మనవాళ్ళు విగ్రహానికి దండేస్తారు, ఆ పుస్తకం తెరవరు. ఆర్థిక సంఘం ముందుకు ముఖ్యమంత్రులు వెళ్తారు, పరిశ్రమల వాళ్ళు వెళ్తారు. గేరి నుంచి వినతిపత్రం పట్టుకుని ఎవరు వెళ్ళారు? మనం ఎందుకు రాయకూడదు? రాష్ట్రాల వాటాలో ఎస్సీ జనాభాకు ఒక కొలత పెట్టండి, ఆ కొలత తెచ్చిన డబ్బు ఆ జనం మీదే ఖర్చయిందని చూపించాకే తర్వాతి విడత ఇవ్వండి అని.

ఇంకొకటి ఇంటి దగ్గరే ఉంది. టన్ను సున్నపురాయికి రాయల్టీ 80 రూపాయలు, 2014లో ఢిల్లీ వేసిన రేటు. దాని మీద జిల్లా ఖనిజ నిధికి పాత లీజైతే 24 రూపాయలు, వేలంలో వచ్చిన లీజైతే 8. ఆ డబ్బులో ఎక్కువ భాగం గని ఊళ్ళలో తాగునీళ్ళు, ఆరోగ్యం, చదువు మీద పెట్టాలి. కొలిమిగుండ్ల మండలంలో ఏ పనులు చేశారు, అందులో ఎస్సీ కాలనీల్లో ఎన్ని, ఊరి పేర్లతో సహా ఇవ్వమని సమాచార హక్కు దరఖాస్తు ఈ సోమవారం నంద్యాల కలెక్టరేట్‌లో వేస్తున్నాం. పదిన్నరకు గేటు దగ్గర ఉంటాను. వచ్చేవాళ్ళు పది రూపాయల పోస్టల్ ఆర్డర్ తెచ్చుకోండి.