ధారావాహికయు దాని అభిమానియు

దీపములు పెట్టువేళకు ఇంటివారందఱు టెలివిజను పెట్టె యెదుట చేరి, తాము మెచ్చిన కథలో నాటి భాగమునకై యెదురుచూచుట మన పల్లెలలోను పట్టణములలోను నిత్యకృత్యమైనది. ఇట్టివారిని జూచి పరిహసించుట చదువుకొన్న పెద్దలకు వాడుక. సీరియలు పిచ్చి యనియు, పనిలేనివారి కాలక్షేపమనియు, ఆడువారి యేడుపనియు ఒక్కమాటతో తేల్చివేయుదురు. అట్లు పలికిన పెద్దమనిషియే పత్రికను చేత మడిచి పట్టుకొని, గుమ్మమునకు చేరగిలబడి, నిన్న విడిచిన చిక్కు నేడేమైనదో తెలిసికొననిదే కదలని యిండ్లను మేమెఱుగుదుము. ఈ పరిహాసములో మేము పాలుగొనజాలము. ఒక కథను నెలలకొలది వెంబడించి, దానిలోని మనుష్యుల కష్టసుఖములను తనవిగా నెంచు ప్రేక్షకుడు తృణీకరింపదగినవాడు కాడు. అతని యభిమానమునకు విలువ గలదు. ఆ యభిమానము పలుకుటకు తగిన నోరు మాత్రము నేడు లేకపోయినది. ఈ లోపమును గూర్చియే పాఠకులకు విన్నవింపదలచినాము.

ఈ యభిమానము టెలివిజనుతో పుట్టినది కాదు. మన తాతలు తోలుబొమ్మలాట యెదుట తెల్లవారువఱకు కూర్చుండిరి. హరిదాసు సీతాకల్యాణమును ఏటేట చెప్పినను ఏటేట క్రొత్తగా వినిరి. పౌరాణిక నాటకములో పద్యము రక్తికట్టినచో సభ 'వన్స్‌మోర్' అని కేకవేసెడిది. నటుడు కృష్ణుడైనను దుర్యోధనుడైనను కథను నిలిపి ఆ పద్యమును మరల పాడవలసినదే. రాగము చెడగొట్టినవానికి ఈలలు తప్పెడివి కావు. ఈ కేకలవలన నాటకమర్యాద చెడుచున్నదని ఆక్షేపించినవారును లేకపోలేదు. అయినను ప్రేక్షకుని మెప్పును విసుగును ప్రదర్శకుని చెవిని ఆ క్షణముననే పడుచుండెను. టెలివిజను వచ్చిన పిదప నటుడొకచోట, ప్రేక్షకుడొకచోట నైరి. నడుమ అద్దము నిలిచినది. అద్దమున కీవలినుండి వేసిన కేక ఆవలికి చేరుట యెట్లు?

మన దేశమున ఈ ప్రశ్నకు మొదట చక్కని సమాధానము లభించినది 'హమ్ లోగ్' అను ధారావాహికవలన. మెక్సికో దేశమున మిగెల్ సబీదో అను నాటకకర్త వినోదకథలలో కుటుంబనియంత్రణాది విషయములను ఇమిడ్చి ప్రజలకు బోధించిన రీతిని జూచి, మనవారును అట్టి ప్రయత్నమునకు పూనుకొనిరి. మనోహర శ్యామ జోషి రచించిన ఈ కథను దూరదర్శనము 1984 జూలై 7వ తేదీ మొదలు 1985 డిసెంబరు 17వ తేదీవఱకు ప్రసారము చేసినది. రాజులు లేరు, రాక్షసులు లేరు. త్రాగుబోతు తండ్రి, నోరెత్తని తల్లి, తాత, నాయనమ్మ, పెండ్లికెదిగిన కూతుండ్రు, ఉద్యోగము లేని కొడుకు. మన వీధిలోని యే యింటనైనను కనబడు మనుష్యులే. ప్రతిభాగము చివరను వృద్ధనటుడు అశోక్ కుమార్ కనబడి, నాటి కథను గూర్చి పెద్దవానివలె నాలుగు మాటలు చెప్పి, ప్రేక్షకులను ఉత్తరములు వ్రాయుడని కోరుచుండెను.

ఆ కోరికకు దేశము బదులు పలికినది. సుమారు 4 లక్షల ఉత్తరములు వచ్చిపడినవి. వ్రాసినవారు కథను పొగడి యూరకుండలేదు. పెద్దకూతురు బడకీ తాను వలచిన వైద్యుని పెండ్లాడుటకు సందేహించుచుండగా, వెనుదీయవలదని యువతీయువకులు ఆమెకు హితవు చెప్పిరి. ఆమె వివాహము ప్రసారమైన నాడు ఉత్తరదేశమున అంగళ్లు పెందలకడ మూతపడినవి. లేని పెండ్లికి ఊళ్లు పెండ్లివారైనవి! దీనిని వెఱ్ఱి యనువారు ఒక్కసారి యోచింతురు గాక. ఆడపిల్ల తన పెండ్లిని గూర్చి తానే నిర్ణయించుకొనవచ్చునా యను ప్రశ్నను పురోహితులు లేని సభలో, పంచాయతీ లేని రచ్చలో, లక్షలకొలది కుటుంబములు ఆ సాయంకాలము చర్చించినవి. సంస్కరణసభలు తీర్మానములు గావించి సాధింపలేని పనిని ఒక కథ వంటయింటిలోనికి తెచ్చినది.

ఇందు మఱియొక విశేషము గలదు. తల్లియగు భాగవంతిని రచయిత యొక హెచ్చరికగా నిలువదలచెను. ఇట్లు అణగిమణగి యుండిన స్త్రీకి దుఃఖమే మిగులునని చూపుట అతని యుద్దేశము. ప్రేక్షకులలో అనేకులు, స్త్రీలును గూడ, ఆమెనే ఆదర్శగృహిణిగా గ్రహించిరని పిదప పరిశోధకులు కనుగొనిరి. రచయిత చెప్పినదొకటి, శ్రోత విన్నది వేఱొకటి. ఉత్తరములును విచారణలును లేకున్నచో ఈ సంగతి బయటపడునా? ప్రేక్షకుడు మైనపుముద్ద కాడనియు, తన యింటి యనుభవముతో కథను తూచుకొనుననియు దీనివలన రుజువైనది. అతని మాట వినక అతనికి బోధింపబూనుట చెవిటివాని ముందు శంఖమూదుట వంటిది. చెవిటివాడు మాత్రము ఊదువాడే!

మూడేండ్లలోపల ఇంతకంటె తీవ్రమైన సంఘటనము జరిగినది. రామానంద సాగర్ నిర్మించిన 'రామాయణ్' 1987 జనవరి 25న ఆరంభమై ఆదివారము ఉదయములందు ప్రసారమగుచుండెను. హిందీ ముక్క రాని తెలుగువారుకూడ దానిని విడువక చూచిరి. కథ తెలిసినవానికి భాష యడ్డము రాదు గదా. 1988 జూలైలో పట్టాభిషేకముతో కథ ముగియనున్నదని తెలిసినంతనే పంజాబులోని జాలంధరు మున్నగు చోట్ల పారిశుద్ధ్యపు పనివారు సమ్మె కట్టిరి. వారు వాల్మీకిని తమ కులగురువుగా కొలుచువారు. ఉత్తరకాండ లేనిదే వాల్మీకి ఆశ్రమము లేదు, సీతకాశ్రయమిచ్చిన ఋషి కానరాడు, కుశలవులకు విద్య గఱపిన గురువు కానరాడు. రామకథ చెప్పిన మహర్షిని రామకథనుండియే తొలగింతురా యని వారు ప్రశ్నించిరి. వీధులలో చెత్త పేరుకొని జనులిడుమలు పడిరి. అందఱి యారోగ్యమునకు సంబంధించిన పనిని నిలుపుట మంచిదని మేమనజాలము. కాని వారి ప్రశ్న న్యాయమైనది. తుదకు ఉత్తరకథయు నిర్మింపబడి ప్రసారమైనది.

ఈ యాగ్రహమును ఆంధ్రులు సులభముగా గ్రహింపగలరు. 1934లో సి. పుల్లయ్య 'లవకుశ'ను తీసినపుడును, 1963లో అదే కథ రంగులలో వచ్చినపుడును పల్లెటూళ్లనుండి బండ్లు కట్టుకొని వచ్చి చూచినవారు మన పెద్దలే. పట్టాభిషేకముతో రామకథ ముగిసినదనిన వారును ఒప్పుకొనియుండరు. ఊరు ఊడ్చువాడు కథను గూర్చి అడుగ నెవ్వడని నాడు కొందఱు నొసలు చిట్లించిరేమో. కథ యెవరిని తాకునో వారందఱిది అది. జాలంధరు పనివారు ఆ సత్యమును దేశమున కెఱుకపఱచిరి.

విదేశములందును అభిమానులు ఇట్లే కథలకు ప్రాణదానము చేసిరి. అమెరికాలో 1966లో ఆరంభమైన 'స్టార్ ట్రెక్' అను ఆకాశయానపు కథను ప్రసారసంస్థవారు రెండవ యేటితో నిలుపుదురని వదంతి పుట్టగా, అభిమానులు లక్షకు పైగా ఉత్తరములు వ్రాసిరి. కథ కొనసాగునని 1968 మార్చి 1న సంస్థవారే ప్రసారములో ప్రకటింపవలసివచ్చెను. ఇంగ్లాండున బి.బి.సి.వారు 'డాక్టర్ హూ' మున్నగు కార్యక్రమముల టేపులను పనికిరానివని చెఱిపివేసిరి. చిత్రము పోయిన భాగములకు సైతము శబ్దము నేటికిని మిగిలియున్నది. ఇండ్లలో కూర్చుండి ఆ కథను తమ టేపురికార్డరులపై పట్టిన సామాన్యులే దానికి కారకులు. సంస్థ పాఱవేసినదానిని అభిమాని దాచెను. ఎవరు బాధ్యులు, ఎవరు పిచ్చివారు?

ఇక నేటి స్థితిని జూతము. ఉత్తరముల కాలము గడచినది. ప్రేక్షకుని యిష్టమును తెలిసికొనుటకు నేడు మీటరు వచ్చినది. 2020లో దేశమున టెలివిజనుగల యిండ్లు సుమారు 21 కోట్లు. లెక్కకై మీటరు పెట్టబడిన యిండ్లు సుమారు 44,000. అనగా ఇంచుమించు 4,800 ఇండ్లకు ఒక యిల్లు పలుకుచున్నది. అన్నముడికినదా యని చూచుటకు ఒక్క మెతుకు చాలునని గణితజ్ఞులు చెప్పుదురు; మేము కాదనము. మెతుకు పట్టి చూచిన ఉడికినది తెలియునుగాని, తినువానికి రుచించినదా లేదా తెలియదు. పెట్టె వెలుగుచున్నదని మీటరు చెప్పును. ఎదుట కూర్చున్నది ప్రీతిచేతనా, అలవాటుచేతనా, వేఱు గతిలేకనా? కథను ఇంక చాలింపుడని ఆ యిల్లాలు మనసులో విసుగుకొనుచున్నదా? వీనికి మీటరులో గడి లేదు.

ఫలితము కనుల యెదుటనే యున్నది. అంకె పెరిగినంతకాలము కథ సాగవలసినదే. చచ్చినవాడు లేచివచ్చును, తప్పిపోయిన బిడ్డ దొరకి మరల తప్పిపోవును, అత్త విషము కలుపును, కోడలు కన్నీరు కార్చును, ఒక్క చెంపదెబ్బ ముగ్గురి ముఖములమీదుగా మూడుమార్లు మెఱయును. అంకె తగ్గినదా, ఏండ్లకొలది నమ్మి చూచినవారికి ఒక్కమాటయైన చెప్పక కథను మెడపట్టి గెంటుదురు. 2001 నుండి 2007 వఱకు నడచిన 'అమృతము' వంటి హాస్యకథను జనులు నేటికిని వెదకి చూచుచు నవ్వుకొనుచున్నారు. కన్నీటి కడవలు లేకున్నను తెలుగువారు చూతురనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

అభిమానుల దోషములను మేము మఱుగుపఱుపము. పాత్రకును నటునికిని భేదము మఱచుట వానిలో మొదటిది. 'రామాయణ్'లో సీతయు రావణుడును గా నటించిన యిరువురును 1991లో లోకసభకు ఎన్నికైరి. వారి యర్హతలను మేము విచారింపబోము. ఓటు పడినది మనిషికా, వేషమునకా యని ప్రతి యోటరును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. దుష్టపాత్ర ధరించిన నటిని వీధిలో తిట్టుటయు ఇట్టి మోహమే. పిల్లల చదువువేళను, వచ్చిన చుట్టమును, పొయ్యిమీది పాలను మఱచి చూచుటయు మెచ్చదగినది కాదు. అభిమానమునకు వివేకము కళ్లెము.

దోషములున్నవని నోరు కుట్టుట న్యాయము కాదు. ప్రసారసంస్థలను మేము కోరునది మూడు సంగతులు. కథ యెన్ని భాగములో, ఎప్పటికి ముగియునో ఆరంభముననే చెప్పి మాట నిలుపుకొనవలెను. ప్రేక్షకుల లేఖలకు వారమునకొకమారైనను ప్రసారములోనే బదులు చెప్పవలెను. నాలుగు దశాబ్దముల క్రిందట సాధ్యమైనది నేడసాధ్యమనరాదు. ప్రసారమైన ప్రతిభాగమును భద్రపఱచి, కొంతకాలమునకు ప్రజలకు తెఱచి పెట్టవలెను. 2020 మార్చి 28న, మహమ్మారికి జడిసి దేశము తలుపులు మూసికొన్న దినములలో, ప్రజల కోరికపై 'రామాయణ్' మరల ప్రసారమైనది. ఏప్రిల్ 16 నాటి భాగమును 7 కోట్ల 70 లక్షలమంది చూచిరని దూరదర్శనము ప్రకటించినది. ముప్పది మూడేండ్లనాటి కథ దాచబడియుండుటచేతనే ఆ దినములలో ఇంటింట తాతయు మనుమడును ఒక్క చాపమీద కూర్చుండగలిగిరి. దాచినది దాచినవానికే కాక దేశమునకును అక్కఱకు వచ్చును.

అభిమానులకును ఒక మాట. మీరు పెట్టెముందు కూర్చున్నంతమాత్రమున మీ పని తీరినదనుకొనకుడు. మెచ్చినచో మెచ్చితిమని వ్రాయుడు. సాగదీసినచో చాలింపుడని వ్రాయుడు. స్త్రీని హీనపఱచినచో, కులమును ఎత్తిపొడిచినచో సహింపమని వ్రాయుడు. కాగితముమీద వ్రాసినను, చేతిలోని ఫోనునుండి పంపినను సరియే. పేరు పెట్టి, మర్యాద తప్పక, కారణము చెప్పి వ్రాయుడు. పది యూళ్లనుండి పది లేఖలు వచ్చిననాడు రచయిత కలము కొంత జంకును, కొంత ధైర్యము తెచ్చుకొనును.

ఇంటి పెద్దలతో ఒక్క విన్నపము. రేపటి సాయంకాలము గుమ్మముకడ నిలువక, లోనికి వచ్చి కూర్చుండుడు. మీ యిల్లాలు ఏ పాత్రను జూచి నిట్టూర్చుచున్నదో, మీ కుమార్తె ఏ మాటకు తల యెత్తుచున్నదో గమనింపుడు. బడకీ పెండ్లినాడు మూసిన యంగళ్లలో ఎన్ని యిండ్ల రహస్యములు దాగియుండెనో యెవరెఱుగుదురు? మీ యింటి రహస్యమొకటి ఆ పెట్టె వెలుతురులో మీకును తెలియవచ్చును.