గోడకు పూత కాదు, ముందు బయట కాలువ



మన కోలారు పక్క నీళ్ల కోసం 1,000 అడుగులు దాటి బోర్లు వేసినోళ్లం మనం. పురుగుల షెడ్డులో నీళ్లు ఊరుతున్నాయంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ 2018 నుంచి బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్లు మన చెరువులకు వస్తున్నాయి. 2021 వానలకు ఎన్నో చెరువులు కోడి పారినాయి. చాలా మంచిదే. అయితే చెరువులు ఎండిన కాలంలో కట్ట కింద పల్లంలో షెడ్లు కట్టుకున్నాం. మాదీ అట్లాంటిదే.

మొదట నేల మూలలు చెమర్చినాయి. మేము పట్టించుకోలేదు. నాలుగో జ్వరం లేచిన పురుగుకు గాలిలో తేమ 70 శాతం దగ్గర ఉండాలి. మా షెడ్డులో వాన లేని రోజు కూడా 90 దాటింది. సున్నం చల్లినా ఆగలేదు, సున్నకట్టు రోగం తగిలింది. 100 గుడ్లకు 70 కేజీల గూళ్లు తీసే చోట 22 కేజీలే చేతికొచ్చినాయి.

మేస్త్రీ మాట విని లోపలి గోడకు రెండుసార్లు వాటర్‌ప్రూఫ్ పూత పూయించాం. రెండుసార్లూ పొక్కులు లేచి రాలిపోయింది. బయట మట్టిలో నిలిచిన నీరు వెనక నుంచి నెడుతుంటే లోపలి పూత ఎన్నాళ్లు నిలుస్తుంది? ఒక చోట మూస్తే ఇంకో చోట వస్తుంది. అందుకే మా మాట ఒకటే: పూతకు పెట్టే డబ్బు ముందు బయట కాలువకు పెట్టండి.

దానికంటే ముందు ఒక పరీక్ష చేయండి. నేల మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, అంచులకు టేపు అంటించి ఒక రోజు వదలండి. కాగితం కింద తడి ఉంటే నేల నుంచి వస్తున్న నీరు. పైన తడి ఉంటే గాలిలోని తేమ. దానికి కిటికీలు, ఫ్యాను చాలు.

నేల నీరే అయితే షెడ్డుకు ఎగువ పక్క కాలువ తవ్వండి. దాని అడుగు షెడ్డు నేల కంటే కిందకు ఉండాలి. అడుగున జల్లి, దాని మీద చిల్లులున్న పైపు, మళ్లీ జల్లి. మట్టి దిగకుండా చుట్టూ వడపోత గుడ్డ. పైపు వాలుగా పల్లానికి పోవాలి. వాలు లేకపోతే గుంత తీసి మోటారు పెట్టాలి.

తవ్వితే పునాది కదులుతుందని కొందరి భయం. అది న్యాయమైన భయమే. గోడకు నాలుగైదు అడుగులు ఎడంగా తవ్వండి, పునాది అడుగు కంటే లోతుకు పోకండి. ఆ నీళ్లు మల్బరీ తోటలో నిలవనీయకండి, వేరు కుళ్లుతుంది. పక్కోడి షెడ్డు మీదికీ వదలకండి.

మేము కాలువ తవ్వినాక రెండు నెలలకు నేల ఆరింది. పూత ఆ తర్వాత పూస్తే నిలిచింది. కొత్తగా షెడ్డు కట్టేవాళ్లు చెరువు నిండిన ఏడాది ఆ జాగా ఎట్లుండిందో ఊరి పెద్దోళ్లను అడిగి ముగ్గు పోయండి.